ఊరికి బస్సుంది. ఏ ఊరికి?

సంక్షిప్తంగా: జనాభాను లెక్కపెట్టేది రెవెన్యూ గ్రామం వారీగా. రోడ్డు మంజూరయ్యేది జనావాసం వారీగా. బస్సు ఆగేది స్టేజీలో. మూడింటికీ ఒకే ఊరిపేరు వాడడంతో "బస్సు సౌకర్యం ఉంది" అన్న లెక్కకూ పల్లెవాసుల అనుభవానికీ పొంతన కుదరదు. మజరాలు (రెవెన్యూ గ్రామం కింద విడివిడిగా ఉండే చిన్న పల్లెలు) ఎక్కువగా ఉన్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఉచిత బస్సు, కొత్త రోడ్ల పథకం, రాబోయే జనగణన మూడూ ఈ తేడా మీదే నడుస్తున్నాయి.

జనగణన వివరాల్లో ఏ చిన్న ఊరిని వెతికినా రవాణా గురించి రెండు మూడు ముక్కలే కనబడతాయి. ప్రభుత్వ బస్సు ఊళ్లోనే ఉందనో, 5 కిలోమీటర్ల లోపు దొరుకుతుందనో ఉంటుంది. రైల్వే స్టేషను 10 కిలోమీటర్లకు పైబడి ఉందని ఉంటుంది. పక్కనే జనాభా, ఇళ్ల సంఖ్య, ఆడ మగ లెక్క. చదివినవాళ్లకు ఊరు కళ్లకు కట్టినట్టే ఉంటుంది. అదే ఊరి మనిషిని కదిపితే "బస్సా? క్రాస్‌లో దిగి రెండు మైళ్లు నడవాల" అంటాడు. క్రాస్ అంటే మెయిన్ రోడ్డు నుంచి ఊరి దారి చీలే చోటు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. ఇద్దరూ చెబుతున్నది ఒకే ఊరి సంగతి కాదు, అంతే.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం మొదలైన తర్వాత ఈ తికమకకు కొత్త ప్రాముఖ్యం వచ్చింది. ఉచిత ప్రయాణం ఎవరికి అందుతోందన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, బస్సు ఏ పల్లె దాకా పోతోందో ముందు తేలాలి.

పన్ను కోసం గీసిన ఊరు

జనగణనలో "గ్రామం" అంటే రెవెన్యూ గ్రామం. దాని సరిహద్దును గీసింది భూమి కొలతల కోసం, శిస్తు వసూలు కోసం. మనుషులు ఎక్కడ గుంపుగా కాపురం ఉంటున్నారన్నది ఆ గీతకు పట్టలేదు. అందుకే ఒక రెవెన్యూ గ్రామం కింద అసలు ఊరు ఒకటుంటుంది. దాని చుట్టూ గుట్ట అవతల ఒక పల్లె, వంక ఒడ్డున ఇంకొకటి, ఊరికి ఎడంగా దళితవాడ, చెరువు కింద ఎస్టీ కాలనీ, రోడ్డు పక్కన ఇళ్ల స్థలాలిచ్చి కట్టించిన కొత్త కాలనీ ఉంటాయి. రెవెన్యూ భాషలో ఇవి మజరాలు. పంచాయతీరాజ్ వాళ్లకు ఇవే జనావాసాలు. ఇక్కడివాళ్లకు మాత్రం ప్రతిదీ ఒక ఊరే. పక్క మజరాకు పోతే "పక్కూరికి పోయినా" అనే అంటారు.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు వచ్చి కలిశాయి. ఈ అతుకు గ్రామాల తీరులో ఇప్పటికీ కనబడుతుంది. కార్వేటినగరం, శ్రీకాళహస్తి లాంటి జమీందారీలు, ఇనాంలు నడిచిన తూర్పు వైపున స్థూలంగా చిన్న చిన్న రెవెన్యూ గ్రామాలు ఎక్కువ. సత్యవేడు, నాగలాపురం వైపు పేరు చివర "కండ్రిగ" అని ఉండే ఊళ్లు ఆ కోవలోవే. వాటిలో కొన్ని పట్టుమని వంద ఇళ్లు లేనివి. భూమే తప్ప ఇల్లే లేని బేచిరాక్ గ్రామాలూ ఉన్నాయి. పడమటి వైపు మదనపల్లె, తంబళ్లపల్లె ప్రాంతంలో ఇందుకు తిరగేసి ఉంటుంది. రెవెన్యూ గ్రామం పెద్దది, దాని కింద "వారిపల్లె", "గారిపల్లె" అని ముగిసే పల్లెలు పదుల కొద్దీ ఉంటాయి.

ఒకే ఉమ్మడి జిల్లాలో గ్రామం అన్న మాట తూర్పున ఒక పల్లెను, పడమట పల్లెల గుత్తిని సూచిస్తుందన్నమాట. ఈ రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, 300 జనాభా ఉన్న కండ్రిగకు బస్సు లేదనీ, 4,000 జనాభా ఉన్న పడమటి గ్రామానికి ఉందనీ పోలిస్తే వచ్చే తీర్మానం ఎందుకూ కొరగాదు. ఆ 4,000 మందిలో బస్సు ఆగే చోటికి నడిచిపోగలిగేవాళ్లు 600 మందే కావచ్చు. మిగతా పల్లెల సంగతి ఆ పట్టికకు అందదు. ఒక్క మజరాలో బస్సు ఆగినా రెవెన్యూ గ్రామం మొత్తానికీ "ఉంది" అనే నమోదవుతుంది.

ఇంకో చిక్కు దూరం కొలిచే తీరులో ఉంది. ఊళ్లో లేని సౌకర్యానికి మూడు గళ్లే ఉన్నాయి: 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, ఆ పైన. కిలోమీటరు దూరంలో స్టేజీ ఉన్న ఊరూ, నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరూ ఒకే గడిలో పడతాయి. మొదటిది పావుగంట నడక. రెండోది వానాకాలంలో మోకాళ్ల నొప్పులున్న మనిషికి ప్రయాణం మానుకోవడానికి చాలినంత కారణం.

1,200 మంది ఉన్నా రోడ్డు రాని లెక్క

రోడ్డు విషయానికి వస్తే కొలత మారుతుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. అది రెవెన్యూ గ్రామాన్ని పక్కన పెట్టి జనావాసాన్నే ప్రమాణంగా తీసుకుంది. మైదాన ప్రాంతంలో 500, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాల్లో 250 జనాభా దాటిన, రోడ్డు లేని జనావాసానికి అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు వేయడం దాని మూల సూత్రం. 500 మీటర్ల పరిధిలో ఉన్న చిన్న పల్లెలను కలిపి లెక్కించే వీలుంది.

సూత్రం మంచిదే. అది ఎవరిని వదిలేస్తుందో చూడడానికి ఒక ఊహా గ్రామాన్ని తీసుకోవచ్చు. మొత్తం జనాభా 1,200, ఐదు మజరాలు. ఒకదానిలో 480 మంది, మిగతా వాటిలో వరుసగా 310, 220, 120, 70. ఒక్కోటీ ఒకటిన్నర కిలోమీటరు ఎడం. జనగణన పట్టికలో ఇది 1,200 జనాభా ఉన్న ఓ మోస్తరు పెద్ద ఊరు. రోడ్డు పథకం కళ్లకు మాత్రం ఇందులో 500 దాటిన జనావాసం ఒక్కటీ లేదు. అదే 1,200 మంది ఒకేచోట ఉండి ఉంటే మొదటి విడతలోనే రోడ్డుకు అర్హత వచ్చేది. ఇక్కడ తేడా తెచ్చింది ఇళ్ల మధ్య దూరమే.

పథకం నాలుగో దశకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2028-29 నాటికి దేశమంతటా 25,000 జనావాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలన్నది లక్ష్యం. జనాభా పరిమితి పాతదే, లెక్క మాత్రం 2011 జనగణనది. 2011లో 510 మంది ఉండి, తర్వాత సగం ఇళ్లకు తాళాలు పడ్డ పల్లెకు ఈ లెక్కన అర్హత ఉంటుంది. ఆనాడు 460 మంది ఉండి ఇప్పుడు 550కి చేరిన పల్లెకు ఉండదు. తిరుపతి చుట్టూ ఊళ్లు ఉబ్బుతూ, కొండ వార పల్లెలు ఖాళీ అవుతున్న చోట ఈ రెండు రకాలూ పక్కపక్క మండలాల్లోనే కనబడతాయి.

ఊళ్లో తళతళలాడే సీసీ రోడ్డు ఉండి, ఊరికి వచ్చే దారి మాత్రం గుంతలమయం కావడం చాలామందికి వింతగా తోచే సంగతి. వీధి రోడ్డుకు ఉపాధి హామీ నిధులు వస్తాయి. 2024 అక్టోబరులో మొదలైన పల్లె పండుగ పనులు అలాంటివే. పంచాయతీకి వచ్చే లింకు రోడ్డు పంచాయతీరాజ్ శాఖది. ఆపైన మండల కేంద్రానికి పోయే రోడ్డు రోడ్లు, భవనాల శాఖది (ఆర్ అండ్ బీ). ఒక పల్లె నుంచి బస్టాండుకు చేరే దారిలో ముగ్గురు యజమానులు, మూడు ఖాతాలు. అందులో ఏ ఒక్కటి పాడైనా ప్రయాణం మొత్తం పాడైనట్టే.

నల్ల రోడ్డు పడింది, బస్సు రాలేదు

రోడ్డు పడితే బస్సు వస్తుందన్న ఆశ సహజం. అయితే పథకం కింద వేసే రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. వాహనాలు మరీ తక్కువ తిరిగే చోట 3 మీటర్లే. బస్సు వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు మట్టిలోకి దిగాలి. దిగడానికి మట్టి గట్టిగా ఉండాలి. చిత్తూరు ప్రాంతంలో చాలా ఊళ్ల దారులు చెరువు కట్టల మీదుగా పోతాయి. అక్కడ దిగడానికి చోటే ఉండదు. చివరి పల్లెలో బస్సు తిప్పుకోవడానికి గుడి ముందరో బడి ముందరో ఖాళీ జాగా కావాలి. అది లేక రెండు కిలోమీటర్ల ముందే ఆగిపోయే బస్సులున్నాయి.

వంకల సంగతి వేరే. ఇక్కడి వంకల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లుండవు. అందుకని వంతెనకు బదులు చప్టా కట్టి సరిపెడతారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఆ చప్టా మీదనే నీళ్లు పారతాయి. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి, దాని వంకల పొడవునా రాకపోకలు ఎలా తెగిపోయాయో తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పట్టికలో మాత్రం అలాంటి ఊరికి తారురోడ్డు ఏడాది పొడుగునా ఉన్నట్టే.

పలమనేరు, కుప్పం, బంగారుపాళెం వైపు మరో ఇబ్బంది ఉంది. కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న పల్లెలకు పొద్దుగూకాక ఏనుగుల భయం. పగలు రెండు కిలోమీటర్లు నడవడం ఒక ఎత్తు, చీకటి పడ్డాక అదే దారిన నడవడం ఇంకో ఎత్తు. సాయంత్రం ఏడు గంటల ట్రిప్పు ఎన్ని సీట్లు నిండి వచ్చినా, క్రాస్ నుంచి పల్లెకు నడవలేకపోతే ఆ ట్రిప్పు వాళ్లకు లేనట్టే.

ట్రిప్పు ఎలా చచ్చిపోతుంది

ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనమై ప్రజా రవాణా శాఖ కిందికి వచ్చారు. అయినా ఒక సర్వీసు బతకాలా వద్దా అన్నది కిలోమీటరుకు ఎంత వచ్చింది, సీట్లు ఎంత శాతం నిండాయి అన్న పాత కొలతల మీదే ఎక్కువగా తేలుతుంది. డిపో మేనేజరు చేతిలో ఉన్న బస్సులు కొన్నే. ఒక బస్సును పల్లెకు పంపితే దాన్ని మెయిన్ రోడ్డు నుంచి తీసినట్టే. పర్వదినాల్లో తిరుమల రద్దీ పెరిగినప్పుడు తిరుపతి చుట్టుపక్కల డిపోల మీద పడే ఒత్తిడి ఇతర జిల్లాల డిపోలకు తెలియనిది.

పైన చెప్పిన 1,200 మంది గ్రామాన్నే మళ్లీ చూడవచ్చు. రోజుకు పది మందిలో ఒకరు బయటి ఊరికి పోతారనుకుంటే 120 మంది. వాళ్లలో సగం మంది మోటారు సైకిలు మీదో షేర్ ఆటోలోనో పోతే మిగిలింది 60. నాలుగు ట్రిప్పులు నడిస్తే ట్రిప్పుకు 15 మంది. యాభై సీట్ల బస్సులో 15 మంది ఎక్కితే, దారిలోని ఇతర ఊళ్లు కలిసివస్తే తప్ప అది నిలవదు. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. తతంగం మాత్రం ఎక్కడైనా ఇదే. నష్టం వస్తోందని నాలుగు ట్రిప్పులను రెండు చేస్తారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తిరిగి రావలసిన మనిషికి బస్సు ఉండదు, కాబట్టి పొద్దున కూడా ఆటోలోనే పోతాడు. వరుసగా నాలుగు రోజులు ఆలస్యమైన కాలేజీ పిల్లవాడికి వాళ్ల నాన్న అప్పుచేసి బండి కొనిస్తాడు. ఆ రెండు ట్రిప్పుల్లోనూ జనం తగ్గుతారు. కొన్నాళ్లకు ఒకటి పోతుంది.

బస్సు పోవడానికి జనాభా తగ్గడమే కారణమని చెప్పడం ఇందుకే పూర్తి నిజం కాదు. జనాభా కదలకుండా ఉన్నా, ట్రిప్పుల మధ్య ఎడం పెరిగితే చాలు, ప్రయాణికులు తగ్గుతారు. రోజుకు ఆరు ట్రిప్పులున్న ఊరి మనిషి "బస్సుకు పోదాం" అనుకుంటాడు. ఒక్క ట్రిప్పున్న ఊరి మనిషి బస్సు టైముకు తన పనిని మార్చుకోవాలి. కూలిపని, బ్యాంకు పని, రిజిస్ట్రేషను ఆఫీసు పని బస్సు టైముకు మారవు. రాత్రికి పల్లెలోనే ఆగి పొద్దున్నే బయలుదేరే నైట్ హాల్ట్ సర్వీసు విలువ ఇక్కడ తెలుస్తుంది. అది రోజుకు ఒకటే వచ్చినా, ఊరికి అవసరమైన గంటకు ఊళ్లోనే ఉంటుంది.

ఉచిత టికెట్టు దేన్ని మార్చింది

స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు చార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు ఇస్తారు. ఆ టికెట్టు డబ్బును ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. పల్లెల వరకూ దీని ప్రభావం రెండు రకాలుగా ఉంటుంది. బస్సు నడుస్తున్న దారిలో సీట్లు నిండుతాయి కాబట్టి, సీట్ల లెక్కన మూతపడే దశలో ఉన్న ట్రిప్పుకు ఊపిరి పోస్తుంది. బస్సే రాని పల్లెలో దాని విలువ సున్నా. క్రాస్ దాకా ఆటోకు ఇచ్చే ఇరవయ్యో ముప్పయ్యో మాత్రం ఎప్పటిలాగే చేతి నుంచి పోతాయి. మిగతా యాభై కిలోమీటర్లు ఉచితమైనప్పుడు ఆ చివరి మూడు కిలోమీటర్లే ప్రయాణం ఖర్చు మొత్తం అవుతాయి.

ఆటోల వైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. బస్సుతో పోటీ పడే మెయిన్ రోడ్డు ఆటోకు గిరాకీ తగ్గుతుంది. క్రాస్ నుంచి లోపలి పల్లెకు తిరిగే ఆటోకు పెరగవచ్చు. 2025 అక్టోబరు 4న ప్రారంభమైన ఆటో డ్రైవర్ల సేవలో పథకం కింద ఏడాదికి రూ.15,000 సాయం ఈ రెండు రకాల డ్రైవర్లకూ ఒకేలా అందుతుంది. నష్టం మాత్రం ఒకేలా లేదు.

సరిహద్దు ఊళ్లది ప్రత్యేకమైన పరిస్థితి. గుడిపాల వైపు వాళ్లకు వేలూరు, నగరి వైపు వాళ్లకు తిరుత్తణి, కుప్పం వైపు వాళ్లకు కేజీఎఫ్, బెంగళూరు దగ్గర. ఆసుపత్రికైనా పెళ్లి బట్టలకైనా అటే పోతారు. తమిళనాడులో 2021 మే నుంచి సాధారణ టౌను బస్సుల్లో మహిళలకు ఉచితం. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం ఉన్నా అది ఆ రాష్ట్ర మహిళలకే. మన పథకం అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. మూడు రాష్ట్రాల్లోనూ బస్సు ఉచితమే, వాళ్లు రోజూ తిరిగే దారికి మాత్రం టికెట్టు కొనాల్సిందే. రాష్ట్రం గీతను బట్టి పథకం నడుస్తుంది, మనుషులు సంతను బట్టి నడుస్తారు.

ఒక మంచి ఫలితం కూడా లేకపోలేదు. ఎవరు ఏ స్టేజీలో ఎక్కి ఎక్కడ దిగారన్నది జీరో టికెట్టు నమోదు చేస్తుంది. పదేళ్లకోసారి వచ్చే "ఉంది, లేదు" లెక్క కంటే ఇది ఎన్నో రెట్లు మెరుగైన సమాచారం. దాన్ని మజరాల పటంతో కలిపి చూసినప్పుడు దాని అసలు ఉపయోగం బయటపడుతుంది.

పాల వ్యాను పోయే చోటికి

బస్సు పోలేని పల్లెకు పాల వ్యాను రెండు పూటలా పోతుంది. చిత్తూరు పాడికి పేరుపడ్డ ప్రాంతం. పాలు పట్టే కేంద్రం ఉన్న ప్రతి పల్లెకూ పొద్దున, సాయంత్రం బండి వస్తుంది. మామిడి కాలంలో తోతాపురి కాయల కోసం ట్రాక్టర్లు, పికప్ వ్యాన్లు తోటల దాకా దిగుతాయి. మదనపల్లె మార్కెట్టుకు టమోటా పోయే రోజుల్లోనూ అంతే. పసుపుపచ్చ స్కూలు బస్సు మజరా మజరాకూ తిరిగి పిల్లల్ని ఎక్కించుకుంటుంది. రోడ్డు బాగాలేదన్న కారణం వీటిని ఆపలేదు. ఎందుకంటే ప్రతి బండి వెనకా ముందే తేలిన డబ్బుంది.

దీనికి పెద్ద ఉదాహరణ శ్రీసిటీ. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో తడకు దగ్గరగా ఉన్న ఆ పారిశ్రామిక వాడలోని కంపెనీలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కార్మికుల్ని, అందులోనూ పెద్ద సంఖ్యలో ఆడపిల్లల్ని, సొంత బస్సుల్లో తీసుకుపోతాయి. షిఫ్టు టైముకు బస్సు పల్లె ముందు ఉంటుంది. అదే పల్లెలో ఆసుపత్రికి పోవలసిన ముసలావిడకు ఆ బస్సు ఎక్కే వీలులేదు. బండ్లు తిరుగుతున్నా రవాణా లేని ఊళ్లు ఇలా తయారవుతాయి. జనగణన ప్రశ్నలో ఇందుకు గడి లేదు.

సౌకర్యం మనిషి దగ్గరికి వస్తే మనిషి కదలాల్సిన పని తప్పుతుందన్నది దీనికి రెండో వైపు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాక కొన్ని సర్టిఫికెట్ల కోసం మండల కేంద్రానికి పోయే పని తగ్గింది. పింఛను ఇంటి దగ్గరే ఇస్తారు. రేషను 2021 నుంచి బండిలో వచ్చింది. 2025 జూన్ 1 నుంచి వృద్ధులు, దివ్యాంగులు తప్ప మిగతావాళ్లు మళ్లీ చౌకధరల దుకాణానికి పోవాలి. బస్సు ఒక్కటీ పెరగకుండానే ఊరి రవాణా అవసరం ఇలా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కాన్పుకు, గుండె నొప్పికి, తిరుపతిలోని రుయా, స్విమ్స్ లాంటి ఆసుపత్రులకు మాత్రం పల్లెకు రాగల ప్రత్యామ్నాయం లేదు. ఆ ప్రయాణాలు తప్పనిసరివి.

పట్టాలు, ఎక్స్‌ప్రెస్ రోడ్లు

తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల రైలు మార్గాన్ని రూ.1,332 కోట్లతో రెండు వరుసలు చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదం తెలిపింది. సుమారు 400 గ్రామాలకు, 14 లక్షల మందికి దీనితో రాకపోకలు మెరుగవుతాయని ప్రకటించారు. ఇక్కడ లెక్కించింది దారి పొడవునా ఉన్న గ్రామాల జనాభాను. రెండో లైను పడితే ఎదురు బండి కోసం ఆగే సమయం తగ్గుతుంది, ఎక్కువ రైళ్లు నడపవచ్చు. ఆ పెరిగే రైళ్లు చిన్న స్టేషన్లలో ఆగితేనే ఆ 400లో ఎక్కువ ఊళ్లకు లాభం. ఆగకపోతే లాభం తిరుపతి, పాకాల, చిత్తూరు లాంటి స్టేషన్లకే. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరుకు పనికి పోయి వచ్చేవాళ్లున్నారంటే, బండి అక్కడ ఆగడమే, అదీ పనివేళకు ఆగడమే కారణం.

హైవేల కథా ఇంతే. రోడ్డు ఎంత పెద్దదైతే పక్క ఊరికి అంత దూరమవుతుందన్నది వినడానికి వింతగా ఉంటుంది. పాత రెండు వరుసల రోడ్డు మీద చెయ్యెత్తితే పల్లెవెలుగు ఆగేది. మధ్యలో డివైడరు పడ్డాక అవతలి వైపు బస్సు ఎక్కాలంటే అండర్‌పాస్ దాకా నడవాలి. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే లాంటి, ఎక్కే దిగే చోట్లు తప్ప మిగతా అంతా మూసి ఉండే రోడ్డయితే పొలం పక్క నుంచే పోతున్నా ఊరికి దానితో సంబంధం ఉండదు. బైకులకు, ఆటోలకు అందులో ప్రవేశమే లేదు.

తల లెక్క కంటే వయసు లెక్క

ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 2001లో 37,45,875. 2011లో 41,74,064. పదేళ్లలో 11.4 శాతం పెరిగింది. పట్టణవాసులు 29.5 శాతం, అంటే పది మందిలో ఏడుగురు పల్లెల్లోనే ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఈ అంకెలు చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య చెదిరాయి కాబట్టి నేటి జిల్లా పేరుతో పాత అంకెను వాడితే పొరపాటే. ఈ పొరపాటు తరచూ జరుగుతోంది.

రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1.7. జనాభా నిలకడగా ఉండడానికి కావలసిన 2.1 కంటే ఇది తక్కువ. చదువుకున్నవాళ్లు బెంగళూరుకు, చెన్నైకి, తిరుపతికి పోతే పల్లెలో మిగిలేది వృద్ధులు, మధ్య వయసు రైతులు. పిల్లలు తగ్గితే ఊళ్లో బడి పక్క ఊరి బడిలో కలుస్తుంది. అప్పుడు ఉన్న కొద్దిమంది పిల్లలకూ బస్సు కావాలి. అరవై దాటినవాళ్లు బండి నడపలేరు, వాళ్లకూ బస్సే కావాలి. జనాభా తగ్గుతున్న ఊరికి తలకు ఇంత అన్న లెక్కలో రవాణా అవసరం తగ్గకపోగా పెరుగుతుంది. డిపో లెక్కలో మాత్రం ఆ ఊరు ప్రయాణికులు తగ్గుతున్న ఊరు.

జనగణన జరిగే నెల కూడా ఊరి బొమ్మను మారుస్తుంది. 2011 లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా సాగింది. ఆ రోజులన్నీ బెంగళూరు మేస్త్రీ పనిలో ఉన్న మనిషి పల్లె లెక్కలో ఉండడు. సంక్రాంతికి, జాతరకు బస్సు పైకప్పు దాకా నిండేది మాత్రం అతడితోనే.

2027లో ఏం చూడాలి

వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. ఇళ్ల జాబితా పని 2026లో, తలల లెక్క 2027 ఫిబ్రవరిలో. ఈసారి లెక్క ఫోన్ యాప్‌లో నమోదవుతుంది, ఇళ్లను మ్యాపు మీద గుర్తిస్తారు. ఇంటి స్థానం మ్యాపు మీదికి వచ్చిందంటే, ఏ మజరాలో ఎంతమంది ఉన్నారో విడదీయడం సాంకేతికంగా కష్టం కాదు. ప్రచురించే పట్టికలు మాత్రం రెవెన్యూ గ్రామం దగ్గరే ఆగిపోతే పదహారేళ్ల తర్వాత కూడా పాత తికమకే మిగులుతుంది.

ఇళ్ల జాబితా ప్రశ్నల్లో సైకిలు, స్కూటరు, కారు ఉన్నాయా అన్నవి ఎప్పటి నుంచో ఉన్నాయి. బస్సు లేని ఊళ్లో బండ్లు ఎక్కువుంటే ఆ ఊరు సంపన్నమైందని తొందరపడి అనుకోకూడదు. బస్సు రాక కొన్న బండ్లు కూడా అందులో ఉంటాయి. అసలు వెతకాల్సింది బస్సూ లేని, బండీ లేని ఇళ్లను. అవి ఏ గ్రామంలో ఉన్నాయని కాకుండా ఏ పల్లెలో ఉన్నాయని అడిగితే, చాలాచోట్ల ఊరికి ఎడంగా ఉన్న వాడలు, కాలనీల పేర్లే వినబడవచ్చు. పట్టికలో వాటికి విడిగా పేరు లేదు. బస్సు బోర్డు మీదా లేదు.